దుమ్ము పద్దు, వాన పద్దు

గిడాన్ త్సామియా ఆస్పత్రిలో
రిజిస్టరు రాసేది నేను.
జీతం తక్కువ, గళ్ళు ఎక్కువ.
పేరు, వయసు, ఊరు, జ్వరం, మెడ.
మెడకి కూడా ఒక గడి ఉంటుందని
ఈ కొలువులో చేరేదాకా తెలీదు నాకు.

జనవరిలో ఎడారి లేచి నడుస్తుంది.
ఈశాన్యం నుంచి, ఎవరూ పిలవకుండానే,
సూర్యుణ్ణి మాసిన సత్తుగిన్నె చేసి
సజ్జబస్తాల్లోకి, మేకల కళ్ళల్లోకి,
నోరు తెరిచి నిద్రపోయే పిల్లల్లోకి.
పొద్దున్నే ఉమ్మితే మట్టి పడుతుంది.
చెంగుతో మూతి తుడుచుకుని
మళ్ళీ రోకలి ఎత్తుతాం.

డాక్టర్ సౌలే ఒక రాత్రి
లాంతరు వెలుగులో చేతులు కడుక్కుంటూ చెప్పాడు:
"అది కొత్తగా ఎక్కణ్ణుంచో రాదు, హాజో.
మనలో చాలామంది గొంతుల్లో
పనీపాటా లేని చుట్టంలా పడుంటుంది.
గాలి ఎండి, దుమ్ము గీరి,
లోపలి తడిపొర చిట్లిందనుకో,
అప్పుడు లేచి, నెత్తుట్లో దిగి,
మెదడు గడప తొక్కుతుంది."

మర్నాడు ఎవరూ అడక్కుండానే
చివర ఇంకో గడి గీశాను:
గాలిలో తడి.
గోడ మేకుకి వేలాడే పాత మీటరు
పద్దెనిమిది అంది. పన్నెండంది.
తొమ్మిది దగ్గర ఆగి
చాలా రోజులు కదల్లేదు.
తడి గడిలో అంకె చిక్కేకొద్దీ
పేర్ల గడి లావెక్కింది.

సంకరావ్ అంటాం మా హౌసాలో.
బిగుసుకోవడం అని.
టీకా వచ్చి 'ఎ' అనే అక్షరాన్ని తుడిచేసింది,
ఊరూరా డప్పు కొట్టి సంబరం చేసుకున్నాం.
తక్కిన అక్షరాలు
ఆ చప్పుడుకి భయపడలేదు.

మార్చి ఆఖర్న గాడిదబండి మీద
ఎనిమిదేళ్ళ డేలు.
తల్లి చీమా బండి వెనకే నడిచొచ్చింది,
ఒక చెప్పు ఎక్కడో వదిలేసి.
"గడ్డం గుండెకి ఆనించు తల్లీ" అన్నాడు సౌలే.
గడ్డం రాలేదు, వీపంతా లేచింది
పలక లేచినట్టు.
వెన్నులోంచి తీసిన నీళ్ళు
తేటగా ఉండాలి.
బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి.

ఆ నెల యాభై ఒక్క పేర్లు.
ఏడింటి పక్కన చిన్న గీత.
గీత అంటే ఏమిటో
పై ఆఫీసు వాళ్ళకి తెలుసు.
డేలు పక్కన గీత పెట్టలేదు.

తాత మాజూ ఆస్పత్రి అరుగు మీద కూచుని
పడమటికి చూసి గొణిగేవాడు:
"వెనకటికి ఈ గాలికి మర్యాద ఉండేది.
ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పగలిగేవాళ్ళం.
ఇప్పుడు ఇంటల్లుడిలా తిష్ట వేసింది."
నిజమో, ముసలితనమో.
నా దగ్గరున్నది నాలుగేళ్ళ లెక్కే.

జూన్ పదకొండు సాయంత్రం
మీటరు డెబ్భై అంది.
ఒక చినుకు, ఆగి, ఇంకొకటి,
ఆ పైన రేకుల మీద రాళ్ళ బండి దొర్లినట్టు.
రోగులు, రోగుల చుట్టాలు, మేకలు
అందరం బయటే.
డేలు మాత్రం లోపల నిలబడి
మా నోళ్ళు ఎందుకు తెరుచుకున్నాయో చూసింది.
వెళ్ళి రేకుగోడకి
రెండు అరచేతులూ ఆనించింది.
అప్పుడు నవ్వింది.

చెవికి గడి లేదు
నా రిజిస్టరులో.

పది రోజుల్లో పేర్లు ఆగిపోయాయి.
ఎన్ని సూదులు వేసినా లొంగనిది
తడికి లొంగింది.
దుమ్ము పద్దు కింద రెండు గీతలు కొట్టాను.
సౌలే అభినందించలేదు.
"దోమతెరలు ఎన్నున్నాయో లెక్కపెట్టు" అన్నాడు
గుమ్మం ముందు గుంటల్లో నిలిచిన
ఆకాశం ముక్కల్ని చూస్తూ.

జులైలో చీమా డేలుని తీసుకొచ్చింది, చూపించడానికి.
ఊళ్ళో సజ్జ మోకాలెత్తు లేచింది.
పిల్ల బల్ల మీద కాళ్ళాడిస్తూ కూచుని
ఉన్నట్టుండి చేతి మీద చరుచుకుని
అరచెయ్యి నాకు చాపింది:
నలిగిన కాళ్ళు, ఒక ఎర్ర చుక్క.
ఎవరి నెత్తురు అని కళ్ళతోనే అడిగింది.

నేను కొత్త పేజీ తిప్పి
తేదీ వేశాను.